వినోదవనములోని మాయ

తిరునాళ్లకు పోయి వచ్చిన పిల్లవానిని "అక్కడ ఏమి చూచితివి?" అని అడిగినచో, అతడు అంగళ్ల సంఖ్యను గాని, వచ్చిన జనుల లెక్కను గాని చెప్పడు. రంగులరాట్నముపై తాను ఎక్కిన గుఱ్ఱము ఏ రంగుదో చెప్పును. తన బుడగ పగిలినపుడు బుడగలమ్మువాడు జాలిపడి మరియొకటి ఊరక ఇచ్చిన సంగతి చెప్పును. గొప్ప వేడుకలు చూచి వచ్చినవారి మనస్సులలో నిలుచునవి తరచుగా ఇట్టి చిన్న విషయములే. ఈ సత్యమును గ్రహించి, దానిని ఒక విద్యగా అభ్యసించి, ఆచరణలో పెట్టిన స్థలములు కొన్ని లోకమున కలవు. అవియే వినోదవనములు.

ఒక కథను గాని, ఒక కాలమును గాని, ఒక దేశమును గాని ఆధారముగా గైకొని, అందుకు తగిన వీధులు, భవనములు, వాహనములు, వేషములు కల్పించి, ప్రజల వినోదార్థము నిర్మించిన విశాలమైన ఉద్యానమునకు ఆంగ్లమున థీమ్ పార్కు అని పేరు. ఇట్టి వనములకు పూర్వరూపములు ఐరోపాఖండమున పుట్టినవి. డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెన్ నగరమున 1843వ సంవత్సరమున జార్జి కార్‌స్టెన్‌సెన్ అనునతడు తీవోలీ ఉద్యానమును నెలకొల్పెను. పూలమడులు, సంగీత సభలు, సాయంకాలమున వెలుగు రంగురంగుల దీపములు దానికి అలంకారములు. అది నేటికిని నిలిచియున్నది. కాని నేటి వినోదవనములకు మార్గము చూపినది అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములోని డిస్నీలాండ్. దాని చరిత్రను పరిశీలించినచో, ఈ వనములలోని మాయ ఎక్కడ నున్నదో తెలియగలదు.

దానిని నిర్మించిన వాల్ట్ డిస్నీ 1901వ సంవత్సరమున జన్మించెను. బొమ్మలకు ప్రాణము పోసినట్లు చలనచిత్రములు తీయుటలో అతడు సిద్ధహస్తుడు. 1928లో తెరమీదికి వచ్చిన మిక్కీ మౌస్ అను ఎలుక అతనికి లోకఖ్యాతి తెచ్చెను. అతనికి ఇద్దరు కుమార్తెలు. వారు చిన్నవారుగా నున్నపుడు, తీరిక దొరకిన దినములందు అతడు వారిని లాస్ ఏంజెలిస్ నగరములోని గ్రిఫిత్ పార్కునకు తీసికొనిపోవుచుండెను. పిల్లలు రంగులరాట్నమెక్కి తిరుగుచుండగా, తండ్రి ప్రక్కనున్న బల్లపై కూర్చుండి వేరుసెనగకాయలు నమలుచు కాలము గడపుచుండెను. పిల్లలకు ఆనందము, పెద్దలకు నిరీక్షణము! తలిదండ్రులును పిల్లలును కలిసి ఆనందించు తావు ఏల ఉండరాదు అని అతనికి తోచెను.

ఈ సంకల్పమును విని అతని భార్య సంతోషింపలేదు. అటువంటి వినోదస్థలములు మురికిగా నుండును గదా అని ఆమె ఆక్షేపించెను. తాను కట్టబోవునది అట్లుండదని అతడు బదులు చెప్పెను. 1951లో అతడు తీవోలీ ఉద్యానమును దర్శించి, అందలి పరిశుభ్రతను, దీపముల అందమును చూచి ముగ్ధుడయ్యెను. పిమ్మట ఆనహైమ్ అను ఊరివద్ద 160 ఎకరముల నారింజ తోటలను కొని, 1954 జూలైలో పని ప్రారంభించెను. ఒక్క సంవత్సరములో, సుమారు 1 కోటి 70 లక్షల డాలర్ల వ్యయముతో వనము సిద్ధమయ్యెను.

1955 జూలై 17వ తేదిన ప్రారంభోత్సవము జరిగెను. టెలివిజను ద్వారా దేశమంతయు చూచుచుండెను. కాని ఆ దినము డిస్నీకి సంతోషకరముగా గడువలేదు. దొంగ టికెట్లతో వేలమంది లోపలికి చొరబడిరి. ఎండ నిప్పులు చెరుగుచుండెను. క్రొత్తగా పోసిన తారు మెత్తబడి, స్త్రీల పాదరక్షల మడమలు దానిలో దిగబడెను. తెచ్చిన ఆహారము చాలలేదు. అన్నిటికంటె పెద్ద కష్టము నీటిది. నీటిగొట్టములు వేయు పనివారి సమ్మె కారణముగా, ప్రారంభదినమునకు పూర్వము మరుగుదొడ్లను గాని, త్రాగునీటి పంపులను గాని, ఏదో ఒకదానిని మాత్రమే పూర్తిచేయుటకు వీలయ్యెను. డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకొనెను. దాహముతో నున్న జనులు, శీతలపానీయములు అమ్ముకొనుటకే నీరు లేకుండ చేసిరని నిందించిరి.

ఎత్తైన కోట యున్నది, పడవలు, రైళ్లు, రాకెట్టు నమూనాలు ఉన్నవి, కోట్లు వెచ్చింపబడినవి. అయినను గ్రుక్కెడు నీరు లేకపోవుటచేత ఆ వైభవమంతయు వెలవెలబోయెను. డిస్నీ ఈ పాఠమును మరువలేదు. తరువాతి వారములలో ఒక్కొక్క లోపమే సవరింపబడెను. ప్రధాన వీధిలోని అగ్నిమాపక కేంద్రము పైభాగమున అతనికి ఒక చిన్న నివాసము ఉండెను. అక్కడ బసచేసి, అతడు వనమంతయు తిరిగి చూచుచుండెను. తానును జనులతో కలిసి వరుసలో నిలబడి, వారికి ఏది ఇంపుగా నున్నదో, ఏది విసుగు పుట్టించుచున్నదో గమనించుచుండెను. రెండు నెలలు నిండకముందే పదిలక్షలమంది ఆ వనమును దర్శించిరి.

ఆ వనమున జనులకు తెలియకుండగనే ఆనందము కలిగించు ఏర్పాటులు అనేకములు కలవు. వనము చుట్టును ఎత్తైన మట్టికట్ట యున్నది. దానిపై చిన్న రైలుబండి తిరుగుచుండును. ఈ కట్ట మూలమున లోపలనున్నవారికి బయటి రోడ్లు గాని, భవనములు గాని కనబడవు. వనములోనికి పోవువారు రైలుకట్ట క్రిందనున్న సొరంగమార్గమున నడువవలెను. ఆ నడక కొన్ని అడుగులు మాత్రమే. కాని వెలుతురు తగ్గి, మరల విశాలమైన వీధి కనుల యెదుట తెరచుకొనగానే, నాటకశాలలో తెర లేచినట్లుండును. బయటి లోకము వెనుకబడినదని మనస్సు తనంతట తానే అంగీకరించును.

ఆ వీధి డిస్నీ బాల్యమున నివసించిన మిస్సోరీ రాష్ట్రములోని మార్సెలిన్ అను చిన్నపట్టణపు జ్ఞాపకములతో కట్టినది. అక్కడి మేడల పై అంతస్తులు క్రింది అంతస్తులకంటె చిన్న కొలతలతో నిర్మింపబడినవి. దూరమున నున్న వస్తువు చిన్నదిగా కనబడుట మన కంటికి అలవాటు. కావున చిన్నదిగా కట్టిన పై అంతస్తును చూచి, అది మిక్కిలి ఎత్తున నున్నదని కన్ను భ్రమించును. వీధి చివరనున్న రాకుమారి కోట ఎత్తు 77 అడుగులే. క్రింద పెద్దరాళ్లను, పైకి పోనుపోను చిన్నరాళ్లను కూర్చినట్లు కట్టుటచేత అది అంతకంటె ఎత్తుగా తోచును. ఇట్లు మేడలు గొప్పవిగా కనబడుచునే, తమ చిన్న కొలతలవలన పిల్లలను భయపెట్టకుండ చేరదీయును. వీధి చివర కోట కనబడుట గూడ యాదృచ్ఛికము గాదు. చూడదగిన వస్తువు దూరమున కనబడుచున్నచో, దారి అడుగకయే జనులు అటు నడతురు.

ఆ కోటను దాటిన వెంటనే ఒక రంగులరాట్నము కలదు. సామాన్యముగా రాట్నములలో కొన్ని గుఱ్ఱములు నిలిచియుండును. కొన్ని మాత్రమే ఎగురుచున్నట్లుండును. పిల్లలందరును ఎగురు గుఱ్ఱముకొరకే పోటీపడుదురు. తన రాట్నమున గుఱ్ఱములన్నియు ఎగురుచున్నవే కావలెనని డిస్నీ కోరి, అట్లే చేయించెను. ఆలస్యముగా వచ్చిన పిల్లవానికి గూడ అక్కడ నిరాశ లేదు. తరువాతి కాలమున, గుఱ్ఱమెక్కలేని వికలాంగులకొరకు కొన్ని గుఱ్ఱములను తొలగించి, ఆ తావున కూర్చుండుటకు ఒక ఆసనము అమర్చిరి. గుఱ్ఱములు తగ్గినవి; కాని ఆనందించువారు పెరిగిరి.

వినోదవనమునకు పోయినవారు ఎక్కువకాలము గడపునది వాహనములమీద గాదు, వాటికొరకు నిలుచు వరుసలలో. మూడు నిమిషముల విహారమునకు గంటసేపు వేచియుండుట అక్కడ సామాన్యము. డేవిడ్ మైస్టర్ అను పండితుడు 1985లో ఈ నిరీక్షణమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. పని లేక గడపిన కాలము, ఏదో ఒక వ్యాపకముతో గడపిన కాలముకంటె దీర్ఘముగా తోచుననియు, కారణము తెలియని ఆలస్యము మరింత బాధించుననియు అతడు వివరించెను. వైద్యశాలలో గాని, రైల్వే స్టేషనులో గాని వేచియున్నవారికందరకు ఇది అనుభవమే. నిరీక్షణమును నిర్మూలింపలేనపుడు దానినే వినోదముగా మార్చుట వనములను నిర్మించువారి నేర్పు.

1969లో డిస్నీలాండ్‌లో ప్రారంభమైన భూతగృహము ఇందుకు చక్కని ఉదాహరణము. విహారము జరుగు పెద్దభవనము వనపు సరిహద్దునకు ఆవల నున్నది. కావున జనులను భూమిలోనికి దింపి, రైలుకట్ట క్రిందుగా అక్కడకు నడిపింపవలసి వచ్చెను. ఇంతమందిని దింపుట ఎట్లు? వారిని ఎనిమిది ముఖములు గల ఒక గదిలోనికి పంపి తలుపు మూయుదురు. గోడలు మెల్లగా సాగుచున్నట్లును, గోడలమీది పటములు పొడుగగుచున్నట్లును కనబడును. పిల్లలు కేకలు వేయుదురు, పెద్దలు నవ్వుదురు. నిజమునకు గది నేలయే క్రిందికి దిగుచుండును. జనులకు తాము యంత్రమున దిగుచున్నామను తలంపే రాదు. ఒక ఇబ్బందిని దాచుటకై కల్పించిన ఆ గదియే జనులు మరువలేని వింతయైనది.

మరియొక చిన్న విషయమును చూడుడు. పూర్వకాలపు పశువుల కాపరి వేషము ధరించిన పనివాడొకడు, తన చోటునకు పోవుచు, రాబోవు కాలమును చూపు ప్రదేశము మీదుగా నడచిపోవుట డిస్నీ కంటబడినదట. రాముని వేషధారి కురుక్షేత్ర యుద్ధ ఘట్టమున రంగస్థలము దాటిపోయినట్లు అది అతనికి తోచియుండును. అతడు 1966 డిసెంబరులో మరణించెను. కాని ఫ్లోరిడా రాష్ట్రమున 1971 అక్టోబరు 1వ తేదిన తెరచిన రెండవ వనమున ఈ లోపము లేకుండ చేసిరి. పనివారు రాకపోకలు సాగించుటకు, సరకులు చేరవేయుటకు వేరుగా నడవలు కట్టిరి. ఆ ప్రాంతమున కొంచెము త్రవ్వినంతనే నీరు పడును. కావున నడవలను నేలమట్టముననే కట్టి, వాటిమీద మట్టి పోసి, వనమును ఎత్తున నిర్మించిరి. జనులు నేల యనుకొని నడచుచున్నది నిజమునకు రెండవ అంతస్తు.

ఇన్ని నేర్పులు చేసినను, వీధిలో చెత్త పేరుకొన్నచో మాయ నిలువదు. అందుచేత డిస్నీ ప్రారంభమునుండియు పారిశుద్ధ్యమును ఒక గౌరవప్రదమైన శాఖగా ఏర్పరచి, చక్ బోయజియన్ అను సమర్థునకు దానిని అప్పగించెను. చీపురు పట్టినవానిని గూడ అక్కడ నాటకములోని పాత్రధారిగానే భావింతురు. జనులు దారి అడుగునది తరచుగా అతనినే. కావున ఏ వాహనము ఎక్కడ నున్నదో, ఊరేగింపు ఎప్పుడు బయలుదేరునో, తప్పిపోయిన బాలుని ఎక్కడకు చేర్పవలెనో అతడు తెలిసికొనియుండును. జపాను రాజధాని ప్రాంతమున 1983లో తెరచిన టోక్యో డిస్నీలాండ్‌లో ఊడ్చువారు ఒక ముచ్చటైన పని చేయుచుందురు. చీపురును నీటిలో ముంచి, రాతిబాటమీద మిక్కీ మౌస్ మొదలగు బొమ్మలను గీయుదురు. పిల్లలు గుమిగూడి చూచుచుందురు. ఎండకు ఆ చిత్రము కొన్ని నిమిషములలో ఆరిపోవును. దానికి టికెట్టు లేదు, వరుస లేదు. కాని చూచిన పిల్లవాడు ఇంటికి తీసికొనిపోవునది ఆ బొమ్మనే.

చిన్న క్షణములు మనస్సున ఏల నిలుచును? ఈ ప్రశ్నకు మనస్తత్వశాస్త్రజ్ఞుడు డేనియల్ కానెమన్ చేసిన పరిశోధనలు కొంత సమాధానమిచ్చును. 1993లో అతడును అతని సహచరులును ఒక ప్రయోగమును ప్రకటించిరి. అందు పాల్గొన్నవారు ఒకసారి 14 డిగ్రీల సెంటిగ్రేడు చల్లని నీటిలో 60 సెకండ్లు చేయి ఉంచిరి. మరియొకసారి అట్లే 60 సెకండ్లు ఉంచి, పిమ్మట ఇంకను 30 సెకండ్లు తీయకుండిరి. ఆ చివరి భాగమున నీటి వేడిమిని ఒక డిగ్రీ మాత్రము పెంచిరి. రెంటిలో దేనిని మరల చేయుదురని అడుగగా, పెక్కుమంది ఎక్కువకాలము బాధపడిన రెండవదానినే కోరిరి! ఏలననగా, దాని ముగింపు కొంచెము ఊరట కలిగించెను. గడచిన కాలమునంతను మనస్సు గడియారమువలె లెక్కింపదనియు, మిక్కిలి తీవ్రమైన క్షణమును, చివరి క్షణమును ముఖ్యముగా పట్టుకొనుననియు దీనివలన తేలెను. ఎండలో నిలబడిన గంటలు మరుగునపడి, రాత్రి ఆకాశమున వెలిగిన బాణసంచా, ద్వారమువద్ద వీడ్కోలు పలికినవాని చిరునవ్వు జ్ఞాపకముండుటకు కారణమిదియే.

అయితే ఆ చిరునవ్వు దానంతట అది పూయునది గాదు. బరువైన బొమ్మవేషము ధరించి, ఎండలో నిలబడి, వచ్చిన ప్రతి బాలుని అప్పుడే చూచినట్లు ఆదరించుట కఠినమైన శ్రమ. తనకు తలనొప్పిగా నున్నను, ఇంట కష్టమున్నను ముఖమున దానిని కనబడనీయరాదు. మాయను కల్పించువారికిని ఆకలిదప్పులు, అద్దెలు, అలసటలు ఉండును. 2024లో డిస్నీలాండ్‌లోని బొమ్మవేషధారులును, ఊరేగింపు కళాకారులును తమ మేలుకొరకు కార్మికసంఘమున చేరుటకు ఓటు వేసిరి. పరుల ఆనందమే వృత్తిగా గలవారి సుఖమును గూర్చి గూడ ఆలోచింపవలెనని ఆ ఓటు లోకమునకు గుర్తుచేసెను. వారు అందించు ఆనందమునకు అతిథి చెల్లింపవలసిన మూల్యము టికెట్టుతో తీరిపోదు. ఒక మంచిమాట, చెత్తను తొట్టిలో వేయు అలవాటు, వరుసను తప్పక పాటించుట అతని వంతు.

1955లో పెద్దలు ఒక డాలరు ఇచ్చి డిస్నీలాండ్‌లో ప్రవేశించిరి. వాహనములకు వేరుగా టికెట్లు కొనిరి. నేడు ఒక్క దినపు ప్రవేశమునకే నూరు డాలర్లకు పైగా చెల్లింపవలెను. అంత సొమ్ము అందరికిని లేదు. కోటలు కట్టుటయు, సొరంగములు త్రవ్వుటయు అందరికిని సాధ్యము గాదు. కాని ఈ వనములలో మిక్కిలి మన్నింపదగినవి ఖరీదైనవి గావు. అగ్నిమాపక కేంద్రముపైనున్న నివాసపు కిటికీలో డిస్నీ జ్ఞాపకార్థము ఒక దీపమును వెలిగించి ఉంచుదురు. వనమున కోట్లు పోసి కట్టిన వస్తువులెన్నియో యుండగా, ఎరిగినవారు ఆ చిన్నదీపము క్రింద నిలిచి తలయెత్తి చూచి పోవుదురు.

ఎగురు గుఱ్ఱము దొరకని బాలుని నిరాశను, గుఱ్ఱమెక్కలేనివాని మనోవ్యథను, వరుసలో నిలిచినవాని విసుగును, దాహముగొన్నవాని కోపమును ఎవరో ఒకరు ముందుగా తలపోసిరి. తలపోయనినాడు ఏమి జరిగినదో 1955 జూలై 17వ తేది చూపినది. వచ్చువానికి ఏమి కావలెనో అతడు అడుగకముందే ఆలోచించుట - లోకులు మాయ యని పిలుచునది ఇదియే. ఇది వినోదవనమునకే చెందిన రహస్యము గాదు. పాఠశాల వార్షికోత్సవమున దూరపు ఊరినుండి నడచివచ్చిన వృద్ధునకు నీడపట్టున ఒక కుర్చీ వేసి, ఒక లోటా చల్లని నీరు అందించిన విద్యార్థికి గూడ ఆ మాయ తెలిసియున్నది.